అరిచి చెప్పలేని మాటలు

ఆరిన్ టెస్కీ ఇంట్లో నలభై దాకా టెలిఫోన్లు ఉండేవి. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు మాత్రం ఉండేవి కావు.

ఫోన్లంటే అందరి వంటింటి గోడకీ వేలాడే రకం కాదు. నిటారుగా నిలబడే ఇత్తడి కాడ, దాని తల మీద మాట్లాడడానికి గిన్నెలాంటి నోరు, పక్కన కొక్కేనికి వేలాడే నల్లటి రిసీవరు. పాతకాలపు స్తంభం ఫోన్లు. అందులోనూ పెద్ద కంపెనీవాళ్ళవైతే ఆరిన్ గుమ్మం తొక్కనివ్వడు. వెనకటికి దేశమంతటికీ ఫోన్లు తనే చేసిన పెద్ద కంపెనీ పేటెంట్ల గడువు తీరగానే ఇండియానాలో, ఒహాయోలో, ఇల్లినాయిలో ఊరికొక ఫోన్ల ఫ్యాక్టరీ పుట్టుకొచ్చింది. బగ్గీ చక్రాలు చేసేవాడు, కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, ఎవడు పడితే వాడు ఫోన్లు చేసి పారేశాడు. ఆ చిన్న చిన్న వాళ్ళ సరుకే ఆరిన్‌కి కావాలి. వాళ్ళలో చాలామంది పదేళ్ళు తిరక్కుండానే దివాలా తీశారు. ఎంత తొందరగా దివాలా తీస్తే ఆరిన్‌కి వాళ్ళంటే అంత ప్రేమ.

అన్నిట్లోకీ అతని ప్రాణం కొట్టుకునేది మాత్రం ఒక్కదాని కోసం. అది హాస్లెట్ ఫోను. హాస్లెట్ ఫ్యాక్టరీ వాళ్ళ సొంత ఊరు పెల్ క్రీక్‌లోనే, రైలు పట్టాల పక్కన ఉండేది. ఆరిన్ భార్య లియోటా తల్లి పెళ్ళికి ముందు అందులో పనిచేసింది. రిసీవరు లోపల ఉండే బుల్లి చుట్టలకు వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టే గది ఉండేది. ఆ గదిలో అందరూ ఆడపిల్లలే. తీగ జారి జారి ఆవిడ చూపుడువేలి మీద కోసుకుపోయిన గీత ముసలితనం దాకా అలాగే ఉండిపోయింది. తర్వాత ఫ్యాక్టరీ కాలిపోయింది. చేసినవే తక్కువ, మిగిలినవి ఇంకా తక్కువ. ఆరిన్ ఎరిగినంతలో హాస్లెట్ స్తంభం ఫోను లోకంలో ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ పోయి పోయి బర్డెట్ క్రోల్ చేతిలో పడింది.

బర్డెట్‌ది ఒహాయో. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా ఎర్ర సస్పెండర్లు, పెద్ద పొట్ట, అంతకన్నా పెద్ద నోరు. ఏటా సెప్టెంబరులో ఫోన్లు పోగేసేవాళ్ళంతా జిల్లా సంతమైదానం షెడ్డులో కలుస్తారు. కలిసినప్పుడల్లా ఆరిన్ ఆ ఫోను అడగడం, బర్డెట్ ఇవ్వననడం.

"నీకిచ్చానంటే సాయంత్రానికల్లా దాని పేగులు బయటకి తీస్తావు. నీ జేబులో ఆ స్క్రూడ్రైవర్ ఉన్నంతకాలం ఇవ్వను పో."

అదీ తగువు. ఆరిన్ ఉద్యోగమంతా ఊరి టెలిఫోను కంపెనీలో లైన్‌మన్‌గా గడిచింది. పనిచేయని వస్తువు కనబడితే అతని చెయ్యి ఊరుకోదు. ప్రతి పాత ఫోనూ ఇంటికి తెచ్చీ తేగానే విప్పేవాడు, లోపలి తుక్కంతా తీసేసేవాడు, రిసీవరులో మాట పలికించడానికి కంపెనీ కొత్తగా తెచ్చిన బిళ్ళలు బిగించేవాడు. పైకి పాతదే, లోపల సరికొత్తది. ఇవాళ్టి లైను మీద గంటకొట్టినట్టు మాట్లాడతాయని ఊరంతా చెప్పుకునేవాడు. బర్డెట్ అయితే మేకు కూడా కదపడు. దుమ్ము సైతం దానితో పుట్టిందే అంటాడు. "నీవి ఫోన్లు కావురా, తాతల కోట్లు తొడుక్కున్న కుర్రాళ్ళు" అని ఏడిపించేవాడు. ఆరిన్‌కి ఒళ్ళు మండేది.

ఇక లియోటా సంగతి.

ఊరికి డయలు ఫోన్లు రాకముందు పెల్ క్రీక్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చున్న మనిషి లియోటాయే. ఎవరికి ఎవరు కావాలన్నా ఆమె కలపాలి. జనం పేరుపెట్టి పిలిచేవారు కాదు, సెంట్రల్ అనేవారు. ఆరిన్ ఆమెని ముందు చూడలేదు, విన్నాడు. స్తంభం చిటారున బెల్టు బిగించుకుని, చేతి ఫోను తీగకి తగిలించి, "సెంట్రల్, లైను ఎలా ఉంది?" అనేవాడు.

"నీ గొంతు తప్ప అంతా బాగానే ఉంది" అనేది లియోటా.

ఒక్కో తీగ మీద పది ఇళ్ళు ఉండే రోజులవి. ఎవరు మాట్లాడుకున్నా మిగతా తొమ్మిదిళ్ళవాళ్ళూ రిసీవర్లు చెవికి ఆనించుకుని వినడం ఆనవాయితీ. వీళ్ళిద్దరి పెళ్ళి కుదిరిన సంగతి వీళ్ళకన్నా ముందు లైను మీది ఆడవాళ్ళకే తెలిసింది. పెళ్ళయ్యాక కూడా ఆరిన్ ఏ స్తంభం ఎక్కినా ఆ ప్రశ్నే అడిగేవాడు, ఆ జవాబే వినేవాడు. వినకపోతే దిగబుద్ధి అయ్యేది కాదు.

అలాంటి లియోటాకి చెవులు పోయాయి.

ఒక్కసారిగా పోలేదు. ముందు పిట్టల కూత పోయింది, తర్వాత పొయ్యి మీద నీళ్ళ చప్పుడు, ఆ తర్వాత మనుషులు. చెవి వెనక పెట్టుకునే మిషను కొన్నారు. దానితో గోల వినిపించేది, మాట వినిపించేది కాదు. దానికి ఓ చిన్న మీట కూడా ఉంది. అటు తోస్తే బయటి చప్పుడంతా ఆగిపోయి ఫోనులో మాట ఒక్కటే చెవికి అందుతుందని మిషను అమ్మినవాడు చెప్పాడు. ఇంటికి వచ్చి వంటింటి ఫోను దగ్గర తోసి చూస్తే ఫోనూ లేదు, ఏమీ లేదు, ఒట్టి నిశ్శబ్దం. ఆ మీట లియోటాకి ఒక్క పనికే వచ్చింది. నలుగురిలో గోల భరించలేనప్పుడు అటు తోసేసుకుని హాయిగా కూర్చునేది.

ఇంట్లో ఆరిన్ అరవడం మొదలుపెట్టాడు. అరిచి చెప్పగలిగినవి ఎన్ని ఉంటాయి గనక? ఉప్పు ఇవ్వు. మాత్ర వేసుకున్నావా. తలుపు వెయ్యి. అంతే. పక్కింటి ఎర్ల్ కొత్త టోపీ పెట్టుకుని చర్చికి వచ్చాడు, ఆ టోపీలో అచ్చం వాళ్ళ టర్కీ కోడిలా ఉన్నాడు అని ఆమె చెవిలో గొణిగితే మజా. అదే మాట పీక తెగేలా మూడుసార్లు అరిస్తే ఎర్ల్‌కే వినబడుతుంది. నువ్వు ఇవాళ బాగున్నావు అని ఎవరైనా అరుస్తారా? అరిస్తే తిట్టినట్టు ఉంటుంది. అలా ఒక్కొక్క మాటా మింగేసి మింగేసి ఆరిన్‌కి మాటలే మిగల్లేదు. లియోటా కూడా ప్రతిదానికీ తలూపడం నేర్చుకుంది. వినబడి ఊపుతోందో వినబడక ఊపుతోందో అతనికి తెలిసేది కాదు, అడగడానికి మనసొప్పేది కాదు. ఎదురుగా కూర్చుని సూపు తాగుతున్న మనిషి మీద అతనికి బెంగ పుట్టేది. ఊరెళ్ళిన మనిషి మీద పుట్టే బెంగ అది. మనిషి ఊళ్ళోనే ఉంటే ఎవరితో చెప్పుకోవాలి?

అయినా అన్నీ ఒక ఎత్తు, నెల్డా సంగతి ఒక ఎత్తు.

నెల్డా లియోటా చెల్లెలు, టెర్రహోట్‌లో ఉండేది. అక్కాచెల్లెళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోనులో లోకం చుట్టేవారు. చెవులు పోయాక అదీ ఆగిపోయింది. పోయిన చలికాలంలో ఒక పొద్దున నెల్డా మొగుడు ఫోను చేశాడు. రిసీవరు పెట్టేసి ఆరిన్ వెనక్కి తిరిగితే లియోటా సింకు దగ్గర పళ్ళేలు కడుగుతోంది. దగ్గరకెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా చెప్పాడు.

"ఏంటి?" అంది లియోటా.

మళ్ళీ చెప్పాడు.

"నీళ్ళ చప్పుడు. గట్టిగా చెప్పు."

అరిచాడు. ఆమె కళ్ళు చిట్లించి అతని పెదవులకేసి చూసింది. ఇంకా గట్టిగా అరిచాడు. కుక్కని అదిలించినట్టు అరిచాడు, "నెల్డా చచ్చిపోయింది! చచ్చిపోయింది!" అని. కంచె అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటావిడ బుట్ట కింద పెట్టేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లియోటాకన్నా ముందు ఆవిడకి తెలిసింది. లియోటా తలూపింది. కుళాయి కట్టేసింది. ఉన్న పళ్ళేలన్నీ తుడిచి అల్మారాలో సర్దింది. ఆరోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. ఆ అరుపు మాత్రం ఆరిన్ చెవుల్లోంచి పోలేదు. చావు కబురు అలాగా చెప్పడం? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆమెతో మామూలు గొంతుతో మాట్లాడగలిగితే చాలు అనుకునేవాడు.

ఆ సెప్టెంబరులో కూడా ఇద్దరూ సంతమైదానానికి వెళ్ళారు. షెడ్డంతా బల్లలు, బల్లల నిండా ఫోన్లు, ఒక మూల చర్చి ఆడవాళ్ళు కోడి నూడుల్సూ పెర్సిమన్ పళ్ళ పుడ్డింగూ అమ్ముతున్నారు. ఏటా ఉండే వేడుకే ఒకటి ఉంది. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి రెండు తీగలు లాగి, బ్యాటరీలు పెట్టి, రెండు పాత ఫోన్లూ పక్కనే వాటి గంటపెట్టెలూ తగిలిస్తారు. ఇక్కడ పెట్టె మర తిప్పితే అక్కడ గంట మోగుతుంది. ఈసారి ఆ చివర, పుడ్డింగు బల్ల పక్కన పెట్టింది బర్డెట్ హాస్లెట్‌నే. ఊరించడానికే పెట్టాడని వేరే చెప్పాలా?

లియోటా కాఫీ తెచ్చుకుని దాని పక్కనే కూర్చుంది.

"మిసెస్ టెస్కీ గారూ, మీ ఆయన చెయ్యి దీని మీద పడకుండా చూసుకోండి. మీదే పూచీ" అని బర్డెట్ చేతులతో సైగ చేసి మరీ చెప్పాడు. ఆమె నవ్వి తలూపింది. షెడ్డులో గోల ఎక్కువైంది. చెవి వెనక మీట తోసేసుకుంది.

ఆరిన్ అవతల వరసలో ఎవరో తెచ్చిన గంటపెట్టె తిరగేసి చూస్తున్నాడు. తలెత్తేసరికి లియోటా నవ్వుతోంది. తలూపే నవ్వు కాదు. నోరారా, భుజాలు కదిలేలా, బల్ల మీది కాఫీ ఒలికిపోయేలా నవ్వుతోంది. చేతిలో హాస్లెట్ ఉంది, రిసీవరు చెవికి ఆనించి ఉంది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయింది! అంతలో తీగ వెంబడి చూపు పోనిస్తే ఆ చివర రెండో ఫోను దగ్గర బర్డెట్, పొట్ట కదుపుకుంటూ నవ్వుతున్నాడు. ఆరిన్‌కి అరవై దాటాయి. అయినా ఆ ఎర్ర సస్పెండర్లు పట్టుకుని సాగదీసి వదలాలనిపించింది.

పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ లియోటా దగ్గరకి వెళ్ళాడు. ఆమె అప్పుడే రిసీవరు కొక్కేనికి తగిలించింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"గంటపెట్టె బల్లని గడగడలాడించింది. కాఫీలో వలయాలు లేచాయి. అలవాటు కొద్దీ తీశాను" అంది. "వాడు ఒహాయో గవర్నరుని ఇమ్మన్నాడు. గవర్నరు గారు భోజనానికి వెళ్ళారు, మీ ఆవిణ్ణి ఇవ్వనా అన్నాను."

ఆరిన్ ఆమె చెవికేసి, రిసీవరుకేసి మార్చి మార్చి చూశాడు.

"వినిపించింది, ఆరిన్" అంది లియోటా. "గోల లేదు. వాడి మాట ఒక్కటే. ఇక్కడ, చెవిలోనే ఉన్నట్టు." చెవి వెనక వేలు పెట్టి చూపించింది. మీట అటువైపే ఉంది.

ఆరిన్ లైన్‌మన్ కదా, ఒక్క క్షణంలో బోధపడింది. పాత రిసీవర్ల అయస్కాంత శక్తి లోపలే ఉండదు, కొత్త కుండ చెమర్చినట్టు చుట్టూ పైకి వస్తుంది. చెవి మిషనులో ఉన్న చిన్న తీగచుట్ట ఆ చెమ్మనే అందుకుంటోంది. మిషను అమ్మినవాడు చెప్పింది అబద్ధం కాదు, ఫోనే తప్పు. ఫోను పాతదై ఉండాలి.

పాత ఫోన్లు! ఆరిన్ నడి షెడ్డులో నిలబడి నవ్వాడు. అక్కడికక్కడే ఆ చివరకి పరిగెత్తి ఆమెతో మాట్లాడేయవచ్చు. కానీ బర్డెట్ చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. ఇన్నాళ్ళు మింగిన మాటలు వాళ్ళందరి ముందూ ఎలా కక్కడం? ఇంట్లో నలభై ఉంటే ఇక్కడెందుకు? కోటు తీసుకుని లియోటా చెయ్యి పట్టుకుని బయటకి నడిచాడు. హాస్లెట్‌కేసి తిరిగి కూడా చూడలేదు. "ఏమయ్యా, ఈసారి అడగనైనా అడగవా?" అని బర్డెట్ వెనకనుంచి కేకేశాడు. ఆరిన్ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

దారంతా మొక్కజొన్న చేలు. లియోటా ఒళ్ళో చేతులు ముడుచుకుని, పెళ్ళికి వెళ్ళే మనిషిలా కూర్చుంది. ఆరిన్ మనసులో మాటలు వరస పేర్చుకుంటున్నాడు. ముందు ఎర్ల్ టోపీ. తర్వాత, ఆ మధ్య ఆమె నీలం గౌను వేసుకున్నప్పుడు చెప్పాలనుకుని చెప్పలేనిది. తర్వాత నెల్డా.

ఇంటికి రాగానే వంటింటి బల్ల మీద ఒకటి, వెనక గదిలో ఒకటి పెట్టి తీగ లాగాడు. లియోటా ఆప్రాను కూడా కట్టుకోకుండా కుర్చీలో కూర్చుని, మీట తోసుకుని, రిసీవరు చెవికి పెట్టుకుంది. ఆరిన్ వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. గిన్నెకి నోరు ఆనించి, మెత్తగా, "సెంట్రల్, లైను ఎలా ఉంది?" అన్నాడు.

జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. తలుపు తీసి తొంగిచూశాడు.

లియోటా అలాగే కూర్చుని ఉంది, చెవికి రిసీవరు, కళ్ళల్లో వెలుగు. "ఊఁ, మొదలుపెట్టు" అంది.

రెండోది తగిలించాడు. మూడోది తగిలించాడు. సాయంత్రం ఎండ కిటికీలోంచి దిగిపోతున్నకొద్దీ అలమారాలోంచి ఒక్కొక్కటీ దిగుతూనే ఉంది. ఒక్కొక్కదాన్నీ ఆమె అంతే నమ్మకంగా చెవికి పెట్టుకుంది. ప్రతిసారీ ఆరిన్ వచ్చి చూసేసరికి ఆమె ముఖంలో ఒక్కో దీపం ఆరిపోతూ వచ్చింది. ఆఖరికి జేబులో స్క్రూడ్రైవర్ తీసి ఒక రిసీవరు మూత విప్పాడు. లోపల తళతళలాడుతూ తను బిగించిన కొత్త బిళ్ళ. ఎంత శుభ్రంగా బిగించాడో! వంటింటి గోడ ఫోనులో ఉన్నదీ అదే. చుక్క చెమర్చదు. ఇంకొకటి విప్పాడు. అదే. అన్నీ అవే. చుట్టలూ, అయస్కాంతాలూ అన్నీ తుక్కని డబ్బాలో పోసి ఎప్పుడో పాతసామానువాడికి ఇచ్చేశాడు. ఒక్క ఫోనునైనా బద్ధకించి వదిలేసి ఉంటే బాగుండేది. ఆరిన్‌కి ఆ బద్ధకమే లేకపోయె.

బల్ల నిండా విప్పిన రిసీవర్లు. లియోటా వాటికేసి చూసింది, అతనికేసి చూసింది. ఆమెకీ అర్థమైంది.

"పోనీలే" అంది. లేచి ఆప్రాను కట్టుకుంది. చెవి మిషనే తీసి కిటికీ గట్టు మీద పెట్టేసింది.

ఆరిన్‌కి ఏడుపొచ్చింది. ఇంత దగ్గరకి వచ్చి మళ్ళీ తలుపు మూసుకుపోయింది, మూసింది తన చేతులే. ఆ రాత్రి భోజనాల దగ్గర ఉప్పు కూడా అడగలేదు.

పొద్దున్నే లేచి, "కోటు వేసుకో!" అని అరిచాడు.

"చర్చికి ఇంకా టైముంది కదా."

"చర్చి కాదు!"

ఆదివారం చర్చి మానేసి ఎక్కడికని లియోటా అడగలేదు. మిషను తీసి చెవికి పెట్టుకుంది.

వాళ్ళు చేరేసరికి షెడ్డు ఖాళీ. ఫోన్లున్న రెండు బల్లలు తప్ప మిగతావన్నీ మడిచి గోడకి ఆనించేశారు. ఎప్పుడూ ఆఖరున కదిలే బర్డెట్ ఒక్కడే, షెడ్డు గుమ్మం బయట స్టేషన్‌వ్యాగన్ వెనక తలుపు తీసి పెట్టెలు సర్దుకుంటున్నాడు. తీగలు ఇంకా విప్పలేదు. హాస్లెట్ ఆ చివర బల్ల మీదే ఉంది.

"వచ్చావా" అన్నాడు బర్డెట్. "నిన్న అడక్కుండా పోతే జబ్బు చేసిందేమో అనుకున్నాను. వద్దు, అడగొద్దు. ఇవ్వను."

"అది కాదు" అన్నాడు ఆరిన్. "నాకో పాత రిసీవరు కావాలి. విప్పనిది. ఏదైనా సరే."

"ఏదైనా అంటే?"

"ఏదైనా. పెద్ద కంపెనీదైనా పరవాలేదు."

బర్డెట్ చేతిలో పెట్టె కింద పెట్టాడు. ఆరిన్ టెస్కీ నోటంట ఆ మాట రావడమంటే పాస్టరు గారు సారా అడగడమే.

"నీ ఇంట్లో నలభై ఉన్నాయి కదరా."

"లోపల లేవు" అన్నాడు ఆరిన్. నిన్న సాయంత్రం సంగతంతా చెప్పాడు. రిసీవరు చెవికి పెట్టుకుని మొదలుపెట్టు అన్న మనిషి సంగతి చెబుతూ తన బూట్లకేసి చూసుకున్నాడు. 'నేను చెప్పలేదూ' అనడానికి బర్డెట్‌కి అంతకన్నా మంచి తరుణం ఆ జన్మకి దొరకదు. అయినా అనలేదు. షెడ్డు ఆ చివరకేసి చూశాడు. లియోటా హాస్లెట్ దగ్గర నిలబడి ఉంది. ముట్టుకోలేదు, ఊరికే రిసీవరు మూత మీద చూపుడువేలు ఆనించి ఉంచింది.

"వాళ్ళమ్మ అక్కడ పనిచేసింది కదూ" అన్నాడు బర్డెట్.

"తీగ చుట్టే గదిలో."

బర్డెట్ సస్పెండర్లు సర్దుకున్నాడు, ముక్కు చీదాడు. "పట్టుకెళ్ళు" అన్నాడు.

"దేన్ని?"

"ఆవిడ చెయ్యి దేని మీద ఉందో దాన్నే. నీకు కాదులే, ఆవిడకి. ఇన్నేళ్ళూ అదే కావాలని చంపుకుతిన్నావు, అప్పుడు ఇవ్వాలనిపించలేదు. ఇవాళ ఏదైనా సరే అన్నావు చూడు." పక్క బల్లని వేలితో తట్టాడు. "ఊరికే మాత్రం ఇవ్వను. మనలో ఊరికే చేతులు మారేది లేదు. నీ వంతు బల్ల మీద పెట్టు."

"ఏం పెట్టను? నావన్నీ తాతల కోట్లేగా."

"జేబులోది."

ఆరిన్ చొక్కా జేబు తడుముకున్నాడు. చెక్క పిడి అతని వేళ్ళ అచ్చుకి అరిగిపోయిన స్క్రూడ్రైవర్, మొదటి స్తంభం ఎక్కిన నాటిది. తీసి బల్ల మీద పెట్టాడు. బర్డెట్ దాన్ని తన జేబులో పెట్టుకుని, పైనుంచి గుండీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడా ఫోను క్షేమం" అన్నాడు. "తీగ ఇంకా ఉంది. బ్యాటరీలూ ఉన్నాయి. నేను బయట బండి దగ్గర ఉంటాను. పది ఇళ్ళవాళ్ళూ వినే లైను కాదు ఇది."

తలుపు లాగేసి వెళ్ళాడు.

ఆరిన్ ఈ చివర ఫోను దగ్గరకి వెళ్ళి మర తిప్పాడు. ఖాళీ షెడ్డులో గంట గణగణమంది. లియోటా అరచెయ్యి బల్ల మీద ఆనించి ఉంది, అదురు తగిలింది. మీట తోసుకుంది. రిసీవరు తీసింది.

"సెంట్రల్" అన్నాడు ఆరిన్. పక్కన ఎవరైనా నిలబడి ఉంటే వాళ్ళకి వినబడనంత మెత్తగా అన్నాడు. "లైను ఎలా ఉంది?"

అంత దూరాన ఆమె కళ్ళు మూసుకోవడం కనిపించింది.

"నీ గొంతు తప్ప అంతా బాగానే ఉంది" అంది లియోటా అతని చెవిలో.

ఆరిన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. దారిలో పేర్చుకున్నవన్నీ, ఎర్ల్ టోపీ, నీలం గౌనూ, ఎక్కడికి పోయాయో పోయాయి. ముందు చెప్పవలసింది ఒకటుంది. అది చెప్పకుండా మరొకటి చెప్పలేడు.

"లియోటా" అన్నాడు. "బంగారూ, కాస్త కూర్చో."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నెల్డా పోయింది" అన్నాడు. సింకు దగ్గర భుజం మీద చెయ్యి వేసి చెప్పబోయిన గొంతుతోనే చెప్పాడు, అప్పుడే కబురు తెలిసినట్టు చెప్పాడు. "నిద్రలోనే పోయిందట. బాధేమీ పడలేదట. పొద్దున వాళ్ళాయన కాఫీ తీసుకెళ్ళి లేపితే లేవలేదట."

దూరాన లియోటా స్తంభం ఫోను మీదకి వంగిపోయింది. ఒక చేత్తో దాన్ని గుండెకి హత్తుకుంది. చెవి దగ్గర రిసీవరు మాత్రం వదల్లేదు. మొదట ఊపిరి వినిపించింది అతనికి, తర్వాత ఏడుపు. చలికాలం నుంచీ దాచి ఉంచిన ఏడుపు.

ఏడుపు తగ్గేదాకా ఆరిన్ రిసీవరు చెవికి అదుముకునే ఉన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని నిటారుగా కూర్చుంది.

"మళ్ళీ చెప్పు" అంది.

వినబడక అడగలేదని అతనికి తెలుసు. నోరు గిన్నెకి ఇంకా దగ్గరగా పెట్టి, ఈసారి అంతకన్నా మెల్లగా చెప్పాడు.